విదేశాల్లో పనికొచ్చే సేవ వెతుక్కోవడం ఎలా?

వేసవి దగ్గర పడితే నాకు ఒకే ప్రశ్న నాలుగు రూపాల్లో వస్తుంది. ఒంగోలులో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయ దంపతులు డాలస్‌లో కూతురి దగ్గరికి బయలుదేరుతుంటారు. కూతురూ అల్లుడూ ఆఫీసుకు, మనవలు బడికి వెళ్లాక సాయంత్రం దాకా ఏం తోచదు, ఏదైనా సేవ దొరుకుతుందా అని అడుగుతారు. కావలిలో ఇంజనీరింగ్ చివరి ఏడాది చదివే అబ్బాయి థాయ్‌లాండ్ ఏనుగుల శిబిరం ప్రకటన పంపించి, డబ్బు కట్టమంటున్నారు, కట్టనా అంటాడు. ఉదయగిరి వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లకు సెలవు రోజున నలుగురికి సాయపడాలని ఉంటుంది, చట్టం ఒప్పుకుంటుందో లేదో తెలియదు. కందుకూరు అమ్మాయి జర్మనీలో ఏడాది సేవకు ఏజెంటు లక్షల్లో అడుగుతున్నాడని వాపోతుంది.

నలుగురికీ సమాధానం ఒకటే. మనవాళ్లు ముందు దేశం చూసుకుంటారు. తర్వాత ప్రకటన చూసుకుంటారు. టికెట్ కొన్నాక వీసా షరతులు చదువుతారు. అక్కడ దిగాక తమకేం పని వచ్చో ఆలోచిస్తారు. ఈ వరుసను తిరగేయండి. మీ చేతిలో ఉన్న పని మొదట, వీసా రెండోది, సంస్థ మూడోది, ఊరి పేరు చివరన.

దగ్గర పెట్టుకోవాల్సినవి

పాస్‌పోర్టు: తిరిగివచ్చే తేదీ తర్వాత కూడా ఆరు నెలలు గడువు మిగిలి ఉండాలి.

పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్: పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైటులో దరఖాస్తు చేసుకోవాలి, రుసుము 500 రూపాయలు. స్టేషన్ విచారణకు సమయం పట్టవచ్చు కాబట్టి ముందే మొదలుపెట్టండి. పిల్లలతో, వృద్ధులతో పనిచేయించే మంచి సంస్థలు దీన్ని అడుగుతాయి.

మీ గురించి ఒక పేజీ. మీ పని చూసిన ఇద్దరి పేర్లు, ఈమెయిళ్లు. ఆ ఇద్దరూ బంధువులు కాకూడదు.

ప్రయాణ బీమా: పాలసీ పత్రంలో మినహాయింపుల పేజీ తీసి చదవండి. శారీరక శ్రమతో కూడిన పనిలో దెబ్బ తగిలితే డబ్బు ఇవ్వమని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది. నిచ్చెన ఎక్కే పని, యంత్రాల పని అనుకుంటుంటే అది వర్తిస్తుందో లేదో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల్లో చాలావాటికి ఎల్లో ఫీవర్ టీకా కావాలి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఒకసారి వేయించుకుంటే సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. నెల్లూరువాళ్లకు దగ్గర చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్.

తిరుగు టికెట్, సొంత ఖర్చులకు సొంత డబ్బు. ఇవి లేకుండా సేవకు బయలుదేరినవాళ్లు అక్కడ ఎవరికో భారమవుతారు.

1. మీకు వచ్చిన పని రాసుకోండి

‘ఏదైనా చేస్తాను’ అని రాయకండి. అలా రాసినవాళ్లకు సంస్థలు గోడకు రంగు వేసే పని ఇస్తాయి, ఆ గోడకు వచ్చే నెల ఇంకొకరు మళ్లీ రంగు వేస్తారు. పని పేరు పెట్టి రాయండి. రొయ్యల చెరువులో నీటి ఉప్పదనం కొలవడం, మోటారు వైండింగ్, ఇరవై మందికి వంట, కుట్టుమిషను బాగుచేయడం, లెక్కల పుస్తకం రాయడం, చిన్నపిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించడం. ఇవన్నీ ఎక్కడో ఒకచోట అవసరమైనవే.

నియమం ఒకటే: ఇక్కడ చేయడానికి అర్హత లేని పని అక్కడ చేయకూడదు. జార్జియాలోనో ఫిలిప్పీన్స్‌లోనో వైద్యవిద్య చదివే మన పిల్లలు దీన్ని రెండుసార్లు చదవాలి. ‘మా క్లినిక్‌కు వస్తే సూదులు వేయవచ్చు, కుట్లు వేయవచ్చు’ అని ఆశ చూపించే శిబిరాలు ఉన్నాయి. నెల్లూరు ఆసుపత్రిలో మిమ్మల్ని ముట్టుకోనివ్వని రోగిని పేద దేశంలో ముట్టుకోనిస్తున్నారంటే, అక్కడి మనిషి ప్రాణం చవక అని ఎవరో లెక్కవేసుకున్నారన్న మాట.

2. మన జిల్లాలో ఒకసారి చేసి చూడండి

ఈ అడుగును అందరూ దాటేస్తారు. విమానం ఎక్కగానే మనిషి స్వభావం మారిపోదు. ఇక్కడ వారానికి రెండు పూటలు నిలబడలేని వారు అక్కడా నిలబడలేరు.

ఏప్రిల్‌లో ఏ కూడలిలోనైనా చలివేంద్రం తెరిచిన రోజు చూడండి. రిబ్బను, మజ్జిగ ప్యాకెట్లు, గ్లాసు అందిస్తూ ఫొటోకు తలెత్తిన పదిమంది. రెండు వారాలు గడిచాక మిట్టమధ్యాహ్నం అటుగా వెళ్లండి. పందిరి ఉంటుంది, కుండ బోర్లించి ఉంటుంది, గొలుసుకు కట్టిన గ్లాసు గాలికి ఊగుతుంటుంది. కొన్నిచోట్ల మాత్రం ఎవరో ఒకావిడ మే నెలాఖరు దాకా రోజూ కుండ కడిగి, నీళ్లు నింపి, మూత పెడుతూ ఉంటుంది. విదేశీ సంస్థలు వెతికేది ఆవిడలాంటి మనిషినే. మీరు ఏ రకమో ఇక్కడే తేల్చుకోండి.

చలివేంద్రం నచ్చకపోతే నెల్లూరు రెడ్‌క్రాస్‌లో రక్తదాన శిబిరాల దగ్గర పని అడగవచ్చు. రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు ఒడ్డున తప్పిపోయిన పిల్లలను తల్లిదండ్రుల దగ్గరికి చేర్చేవాళ్లతో కలవవచ్చు. దీనితో ఇంకో లాభం ఉంది: మీ గురించి చెప్పగల ఇద్దరు మనుషులు ఇక్కడే దొరుకుతారు.

3. వీసా షరతు ముందు చదవండి

‘జీతం తీసుకోవడం లేదు కదా, వీసాతో పనేమిటి?’ అన్నది మనవాళ్లలో పాతుకుపోయిన భ్రమ. చాలా దేశాల్లో జీతం లేని పని కూడా పనే. కొన్నిచోట్ల తిండి, పడక ఇచ్చినా జీతం ఇచ్చినట్టే. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసే రోజున ఆ దేశపు ప్రభుత్వ వెబ్‌సైటులో మళ్లీ చూసుకోండి. మనవాళ్లు ఎక్కువగా వెళ్లే దేశాల సంగతి ఇది.

బ్రిటన్. నాకు తెలిసినంతలో అన్నిటికన్నా స్పష్టంగా రాసి ఉన్నది ఇక్కడే. సందర్శక వీసాపై వెళ్లినవారు మొత్తం మీద 30 రోజులకు మించకుండా సేవ చేయవచ్చు. ప్రయాణం ముఖ్య ఉద్దేశం సేవ కాకూడదు. సంస్థ అక్కడి చారిటీ రిజిస్టరులో నమోదై ఉండాలి. ఇంగ్లండ్, వేల్స్‌కు ఒక రిజిస్టరు, స్కాట్లండ్‌కు ఒకటి, ఉత్తర ఐర్లండ్‌కు ఒకటి ఉన్నాయి. మూడూ ఇంటర్నెట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. సంస్థ పేరు కొడితే నమోదు సంఖ్య, ఆదాయం, ఖర్చు అన్నీ కనిపిస్తాయి. అంతకన్నా ఎక్కువ కాలం చేయాలంటే చారిటీ వర్కర్ వీసా ఉంది. స్పాన్సర్ కావాలి, 12 నెలల వరకు ఉండవచ్చు.

అమెరికా. బీ వీసాపై, అంటే సందర్శక వీసాపై వెళ్లిన తల్లిదండ్రులు లాభాపేక్ష లేని సంస్థలో, ప్రతిఫలం ఆశించకుండా, మామూలుగా జీతం ఇచ్చి చేయించని పని చేస్తే ఇబ్బంది ఉండదు. పేదలకు ఉచితంగా సరుకులు పంచే ఆహార నిధిలో (ఫుడ్ బ్యాంకులో) సరుకులు సర్దడం అలాంటిదే. చిక్కంతా బంధువుల దుకాణాల్లో వస్తుంది. మేనల్లుడి పెట్రోలు బంకులో, బావమరిది హోటల్లో ‘ఊరికే సాయంగా’ కౌంటర్ దగ్గర నిలబడితే అది సేవ కిందికి రాదు, అనుమతి లేని ఉద్యోగం కిందికి వస్తుంది. వ్యాపార సంస్థలో ఉచితంగా పనిచేసినా అంతే. ఎఫ్-1 వీసాపై చదువుకునే పిల్లలకూ ఇదే వర్తిస్తుంది.

ఆస్ట్రేలియా. సందర్శక వీసాపై ముఖ్య ఉద్దేశం పర్యటనే అయి, మీరు చేసే పని అక్కడివాళ్లు జీతానికి చేసేది కాకపోతే సేవ చేయవచ్చు. భోజనం, బస తీసుకోవచ్చు. 18 నుంచి 30 ఏళ్ల భారతీయులకు ‘వర్క్ అండ్ హాలిడే’ వీసా 2024లో మొదలైంది. ఏడాదికి 1,000 మాత్రమే, లాటరీలో తీస్తారు.

న్యూజిలాండ్. పక్క దేశమే కదా, అవే నిబంధనలు ఉంటాయని అనుకోకండి. అక్కడ పొలంలో పనిచేసి బదులుగా తిండి, పడక తీసుకుంటే అది ప్రతిఫలమే. పని చేయడానికి అనుమతించే వీసా ఉండాలి.

థాయ్‌లాండ్. పర్యాటకుడిగా వెళ్లి సేవ చేయకూడదు. ఉచిత సేవకు కూడా అనుమతి పత్రాలు కావాలి. ‘ఎవరూ అడగరు లెండి’ అని శిబిరం నిర్వాహకుడు చెబితే, పట్టుబడేది అతను కాదు, మీరు.

యూఏఈ. ప్రభుత్వం గుర్తించిన వేదికల్లో పేరు నమోదు చేసుకుని, అనుమతి ఉన్న కార్యక్రమాల్లోనే పాల్గొనాలి. ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. మన ఊరి మనిషికి ఆపరేషన్ అని వాట్సాప్ బృందంలో చందాలు పోగుచేయడం మనకు మామూలు మంచితనం. అక్కడ లైసెన్సు లేకుండా విరాళాలు వసూలు చేయడం నేరం. జరిమానాతో పాటు జైలు కూడా ఉంది. సాయం చేయాలనుకుంటే ఆసుపత్రికో, కుటుంబానికో మీ సొంత డబ్బు నేరుగా పంపండి.

జర్మనీ. ఏడాది సేవకు రెండు దారులున్నాయి. ఒకటి ఎఫ్‌ఎస్‌జే, అంటే ఏడాది స్వచ్ఛంద సామాజిక సేవ, 27 ఏళ్లు నిండనివారికి. రెండోది బీఎఫ్‌డీ, అంటే సమాఖ్య ప్రభుత్వ స్వచ్ఛంద సేవ, 2011లో మొదలైంది, దీనికి వయసు పైపరిమితి లేదు. వృద్ధాశ్రమాలు, ఆసుపత్రులు, దివ్యాంగుల కేంద్రాల్లో పని. కొద్దిగా జేబు ఖర్చు ఇస్తారు. జర్మన్ భాష వచ్చి ఉండాలి, అసలు వడపోత అదే. ఆ కేంద్రాలకు మీరే నేరుగా దరఖాస్తు పంపవచ్చు. ఏజెంటు అడిగే లక్షల్లో కొద్ది భాగంతో నెల్లూరులోనో చెన్నైలోనో జర్మన్ నేర్చుకుంటే ఏజెంటుతో పనే ఉండదు.

విమానాశ్రయంలో అధికారి అడిగితే అబద్ధం చెప్పకండి. కూతుర్ని చూడటానికి వచ్చాం, ఖాళీ ఉంటే ఆహార నిధిలో సాయం చేస్తాం అంటే అది నిజమైన మాట. సంస్థ రాసిన ఉత్తరం ఉంటే చేతిసంచిలోనే పెట్టుకోండి.

4. వెతికే చోట్లు

పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు మొదటి సూత్రం: నడిచి వెళ్లగల దూరంలో ఉండాలి. అమెరికాలో చాలా ఊళ్లలో బస్సు ఉండదు, కారు లేనిదే కాలు కదపలేం. మీ సేవ కోసం కూతురు ఆఫీసు మానుకుని కారు తీయాల్సి వస్తే మూడో వారానికి ఇంట్లో మాట తేడా వస్తుంది.

ఆహార నిధులు చాలా ఊళ్లలో ఉన్నాయి. రెండు మూడు గంటల విడతలుగా ముందే వెబ్‌సైటులో పేరు రాసుకుని వెళ్లాలి. చెప్పులతో రానివ్వరు, కాలివేళ్లు కప్పే బూట్లు కావాలి. పని తేలికే గానీ కళ్లు పెట్టి చేయాలి. పెట్టెలో వచ్చిన డబ్బాలను ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని చుట్టూ తిప్పి చూడాలి. మధ్యలో చిన్న సొట్ట ఉంటే ఫరవాలేదు. అంచు దగ్గర, అతుకు మీద సొట్ట ఉంటే పక్కన పడేయాలి. మూత ఉబ్బితే మరో ఆలోచన లేదు, అది చెత్తకే. ఇంగ్లీషు గడగడా మాట్లాడలేనివాళ్లకు కూడా ఇది సరిపోతుంది.

తెలుగు బాగా వచ్చిన మాస్టార్లకు మనబడి లాంటి తరగతులున్నాయి. మనబడిని అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర 2007లో ప్రారంభించింది. బోధించేది స్వచ్ఛంద సేవకులే. గుడి వంటశాలలు ఎలాగూ ఉన్నాయి. గ్రంథాలయాలు, బడులు నేర చరిత్ర పరిశీలన అడుగుతాయి. దానికి అక్కడి సోషల్ సెక్యూరిటీ నంబరు కావాలంటారు. సందర్శకులకు అది ఉండదు కాబట్టి అక్కడ తిరస్కరిస్తే నొచ్చుకోకండి.

చేతిపని వచ్చినవాళ్లు రిపేర్ కేఫ్‌ల గురించి తెలుసుకోవాలి. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలయ్యాయి, ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఉన్నాయి. పాడైన మిక్సీ, చినిగిన కోటు, ఆడని రేడియో పట్టుకుని జనం వస్తారు. పని తెలిసినవాళ్లు ఉచితంగా బాగుచేసి పెడతారు. మన ట్రంకు రోడ్డు పక్క మోటారు మెకానిక్ అక్కడ కూర్చుంటే చుట్టూ గుంపు కూడుతుంది. బ్రిటన్‌లో అయితే దాన్ని నడిపే సంస్థ చారిటీగా నమోదైందో లేదో చూసుకోవడం మరవకండి.

కుర్రవాళ్లకు సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ శ్రమదాన శిబిరాలు మంచివి. మొదటి ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన వెర్దున్ దగ్గరి ఊరిని తిరిగి కట్టడానికి 1920లో మొదటి శిబిరం పెట్టారు. 1934 బిహార్ భూకంపం తర్వాత ఆ సంస్థ మన దేశానికి కూడా వచ్చింది. రెండు మూడు వారాల శిబిరాలు, భారత శాఖ ద్వారా దరఖాస్తు.

వర్క్‌అవే, వరల్డ్‌ప్యాకర్స్, వూఫ్ లాంటి వేదికలు వేరు. రోజుకు నాలుగైదు గంటల పనికి తిండి, బస. వూఫ్ 1971లో ఇంగ్లండులో మొదలైంది, సేంద్రియ సాగు నేర్చుకోవడానికి చక్కటి దారి. అయితే హాస్టల్లో దుప్పట్లు మార్చడాన్ని సేవ అని చెప్పుకోవద్దు. అది వస్తుమార్పిడి. తప్పేమీ లేదు, వీసా ఒప్పుకుంటే చేసుకోండి.

5. ఉత్తరం ఇలా రాయండి

దండకం అక్కర్లేదు. ఇంగ్లీషులో రాయబోయే ఉత్తరానికి తెలుగులో నమూనా ఇది:

‘ఇందుకూరుపేట దగ్గర ఇరవై ఏళ్లుగా రొయ్యల చెరువులు చూస్తున్నాను. నీటిలో ఉప్పదనం, పీహెచ్, కరిగిన ఆక్సిజన్ కొలవడం వచ్చు. ఏరేటర్ మోటార్లు బాగుచేయగలను. ఇంగ్లీషు అర్థమవుతుంది, మాట్లాడటం తక్కువ. జూలై 5 నుంచి ఆగస్టు 20 దాకా మీ ఊళ్లో మా అబ్బాయి ఇంట్లో ఉంటాను. వారానికి రెండు ఉదయాలు రాగలను. సందర్శక వీసాపై వస్తున్నాను, జీతం అక్కర్లేదు. మీకు ఇలాంటి మనిషితో పని ఉందా? లేకపోతే ఎవరికి ఉంటుందో చెప్పగలరా?’

చివరి వాక్యం వదలకండి. చాలాసార్లు ‘మాకు లేదు గానీ ఫలానా వాళ్లను అడగండి’ అనే జవాబు దగ్గరే దారి తెరుచుకుంటుంది. ఒకే ఉత్తరాన్ని యాభై సంస్థలకు పంపితే అది చూడగానే తెలిసిపోతుంది. ఐదు సంస్థలకు ఐదు ఉత్తరాలు రాయండి.

6. వాళ్లు మిమ్మల్ని ప్రశ్నిస్తున్నారా చూడండి, తర్వాత మీరు ప్రశ్నించండి

నా దృష్టిలో మంచి సంస్థకు మొదటి గుర్తు ఇదే: మిమ్మల్ని ఊరికే రానివ్వదు. మీకేం వచ్చు, ఎన్నాళ్లుంటారు, ఎవరు తెలుసు, సర్టిఫికెట్ ఏది అని విసిగిస్తుంది. ఒక్క ప్రశ్న కూడా అడగకుండా కార్డు నంబరు అడిగే చోటికి వెళ్లకండి.

తర్వాత మీరు అడగాల్సినవి:

ఈ పని కావాలని అడిగింది ఎవరు? నేను రాకపోతే ఎవరు చేస్తారు? నాకంటే ముందు చేసినవారితో మాట్లాడవచ్చా? నా పని చూసే స్థానికుడు ఎవరు? నేను కట్టే డబ్బు ఎక్కడెక్కడికి పోతుంది?

మొదటి ప్రశ్నే అసలైనది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా పల్లెల్లో జరిగిన అక్షరాస్యత ఉద్యమం గుర్తున్నవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. రాత్రి బడుల్లో చదువు చెప్పింది చాలావరకు అదే ఊరి యువత. పాఠం అయిపోయాక కూడా వాళ్లు ఊళ్లోనే ఉన్నారు. చదువుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు తమ బాధ తామే చర్చించుకున్నారు. దూబగుంటలో సారా దుకాణం మూయించారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం దాకా వెళ్లింది. బయటినుంచి వారం రోజులకు వచ్చిన వ్యక్తి ఆ పని చేయలేడు. కానీ అలాంటి స్థానికులకు పుస్తకాలు అచ్చు వేసి పెట్టవచ్చు, లెక్కలు రాసి పెట్టవచ్చు, కంప్యూటర్ బాగుచేసి పెట్టవచ్చు. బయటివాడి చోటు అక్కడ, వెనక వరుసలో.

‘మా ఊరి మహిళా సంఘం అడిగింది, వాళ్లతో రేపు ఫోనులో మాట్లాడండి’ అన్నది మంచి జవాబు. ‘మీరు వస్తే పిల్లలు ఎంతో సంతోషిస్తారు’ అన్నది జవాబే కాదు.

7. వీటి జోలికి వెళ్లవద్దు

అనాథాశ్రమాలు. ఇది చెబితే చాలామంది నొచ్చుకుంటారు, అయినా చెప్పాలి. ప్రపంచంలో ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఐదుగురిలో కనీసం నలుగురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని బాలల హక్కుల సంస్థలు చెబుతున్నాయి. నేపాల్‌లో, కంబోడియాలో విదేశీ సందర్శకుల డబ్బు కోసమే పల్లెల నుంచి పిల్లలను తెచ్చి ఆశ్రమాలు నింపిన ఉదంతాలు బయటపడ్డాయి. మీరు ఇద్దరు పిల్లలను రెండు వారాలు ఎత్తుకుని తిరిగి వచ్చేస్తారు. ఆ పిల్లలు ఆ తర్వాత వచ్చే మనిషికి మళ్లీ అలవాటు పడాలి, మళ్లీ విడిపోవాలి. పిల్లల కోసం చేయాలని ఉంటే కుటుంబాలను కలిపి ఉంచే సంస్థకు డబ్బు ఇవ్వండి. పిల్లల ఫొటోలు మాత్రం ఎక్కడా పెట్టకండి.

అడవి జంతువులను ముట్టుకోనిచ్చే శిబిరాలు. ఏనుగుకు స్నానం, ఏనుగు మీద సవారీ, సింహం పిల్లకు పాలసీసా. దక్షిణాఫ్రికాలో అలా పెంచిన సింహాలు కొన్ని తర్వాత కంచె వేసిన చోట వేటగాళ్ల తుపాకీ ముందుకు చేరాయి. కావలి అబ్బాయికి నా జవాబు కూడా ఇదే: జంతువును దూరం నుంచి చూపించే చోటైతే ఆలోచించు, తాకనిచ్చే చోటైతే వద్దు.

‘టికెట్ ఉచితం, బస ఉచితం, నెలకు ఇంత స్టైపెండు’ అనే ఆగ్నేయాసియా ఆహ్వానాలు. మన రాష్ట్రం నుంచి డేటా ఎంట్రీ పని అని కంబోడియాకు వెళ్లిన యువకులు సైబర్ మోసాల గదుల్లో చిక్కుకున్న సంగతి 2024లో పత్రికల్లో చదివే ఉంటారు. సేవ పేరు మీద అలాంటి ఉద్యోగం చూపిస్తే, ఆ ఏజెంటు విదేశీ ఉద్యోగాలకు నమోదైన ఏజెంట్ల పేర్లుండే కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ జాబితాలో ఉన్నాడో లేదో చూడండి. చిక్కులో పడ్డవారికి ఫిర్యాదులు తీసుకునే విదేశాంగ శాఖ మదద్ వేదిక, ప్రవాస తెలుగువారి కోసం ఉన్న మన రాష్ట్ర ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఉన్నాయి. బయలుదేరే ముందే వాటి వివరాలు ఇంట్లోవాళ్ల దగ్గర రాసిపెట్టి వెళ్లండి.

8. డబ్బు

రుసుము అడిగితే మోసమని కాదు. తిండి, బస, శిక్షణకు ఖర్చవుతుంది. పద్దు విడదీసి చూపించమనండి. సగానికి మించి ‘నిర్వహణ’ అని ఉంటే వదిలేయండి. వ్యక్తి పేరు మీది ఖాతాకు పంపమంటే వదిలేయండి. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల విభాగం ఎప్పుడూ రుసుము అడగదు. దాని పేరుతో డబ్బు అడిగితే అది మోసమే.

తరచూ జరిగే పొరపాట్లు

మొదటి రోజే సలహాలు చెప్పడం. ‘మా నెల్లూరులో ఇలా చేస్తాం’ అన్న మాటను కనీసం వారం ఆపుకోండి.

వారానికి ఐదు రోజులు వస్తానని ఒప్పుకుని రెండో వారం మానేయడం. రెండు పూటలని చెప్పి రెండు పూటలూ వెళ్లడమే మర్యాద. మీ కోసం అక్కడ ఎవరో మనిషిని కేటాయించి ఉంటారు. మీరు రాకపోతే వాళ్ల పూట వృథా. మన పెళ్లిళ్లకు అలవాటు పడ్డ గంట ఆలస్యం కూడా అక్కడ చెల్లదు.

పాత బట్టలు, మందులు సూట్‌కేసు నిండా మోసుకెళ్లడం. మందులైతే కస్టమ్స్ దగ్గరే చిక్కు. ఏం కావాలో అడిగి, వీలైతే అక్కడే కొనండి.

ఒంటరిగా ఊరు తెలియని చోటికి వెళ్లే అమ్మాయిలు బస వివరాలు రాతలో తీసుకోకపోవడం. గది ఎవరితో, తలుపుకు లోపల గడియ ఉందా, రాత్రి ఎవరికి ఫోను చేయాలి? ఇవి అడగడానికి మొహమాటపడకండి. అడిగితే విసుక్కునే చోటికి వెళ్లనే వద్దు.

పని ఫలించిందో లేదో చూసుకోవడం

వారం గడిచాక మీ పని చూసే మనిషిని అడగండి: ‘రేపటి నుంచి నేను రాకపోతే ఏం ఆగిపోతుంది?’ ఏమీ ఆగదంటే మిమ్మల్ని మర్యాదకు ఉంచుకున్నారు, వేరే పని అడగండి. అన్నీ ఆగిపోతాయంటే ఇంకా ప్రమాదం. మీరు వెళ్లాక అది కూలిపోతుంది, కాబట్టి ఆ రోజు నుంచే ఎవరికైనా నేర్పడం మొదలుపెట్టండి. ‘ఆలస్యమవుతుంది గానీ మేం చేసుకోగలం’ అంటే సరైన చోట ఉన్నారు.

రెండో పరీక్ష మరమ్మతు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లతో బతికినవాళ్లకు ఇది బాగా తెలుసు. ఎవరో వచ్చి నీటి ఫిల్టరు బిగించి, ఫొటో దిగి వెళ్లిపోతే, లోపలి గుళిక మార్చాల్సిన రోజున ఎవరి దగ్గరికి వెళ్లాలి? మీరు పెట్టిన ప్రతి వస్తువుకూ విడిభాగం ఆ ఊళ్లోనే దొరుకుతుందా, దాన్ని మార్చడం వచ్చిన స్థానికుడు ఒక్కడైనా ఉన్నాడా చూసుకోండి. లేకపోతే ఆ వస్తువు పెట్టకండి.

వచ్చేసే ముందు ఒక పేజీ రాసి ఇవ్వండి: ఏం చేశాను, ఎక్కడ ఆపాను, తాళాలు, పాస్‌వర్డులు ఎవరికి ఇచ్చాను. మూడు నెలల తర్వాత ఒక ఈమెయిలు పంపి ఆ పని నడుస్తోందా అని అడగండి. నడవడం లేదంటే ఎందుకో అడిగి తెలుసుకోండి, వచ్చేసారి ఏ పని ఎంచుకోవాలో ఆ జవాబే చెబుతుంది.

వీసా రాకపోతే

ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల వేదికలో ఇంటి నుంచే చేసే పనులున్నాయి. అనువాదం, పోస్టర్ల రూపకల్పన, సమాచార సేకరణ, కంప్యూటర్ పని. 18 ఏళ్లు నిండి ఉండాలి, వీసా అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. మార్కాపురంలో కూర్చుని ఆఫ్రికాలోని సంస్థకు పనిచేయవచ్చు. పేరు నమోదు చేసుకునేటప్పుడు మొదటి అడుగులో రాసుకున్న జాబితా తీసి, వచ్చిన పనులకే టిక్కు పెట్టండి. ముందు చిన్న పని ఒకటి పూర్తి చేయండి. దానికి వచ్చే సర్టిఫికెట్‌ను వచ్చే ఏడాది వీసా దరఖాస్తుతో పాటు జతచేయవచ్చు.